గల్ఫ్‌కి వచ్చే మెకానిక్ తమ్ముళ్ళూ, ముందు టైమింగ్ నేర్చుకోండి

షార్జా ఇండస్ట్రియల్ ఏరియా బైక్ వర్క్‌షాపుల్లో మన విజయవాడ, గుంటూరు కుర్రాళ్ళు కనిపిస్తూనే ఉంటారు. చేతిలో పనుండి కూడా హెల్పర్లుగానే ఏళ్ళు గడిపేస్తుంటే చూడటానికి బాధగా ఉంటుంది. ఆయిల్, బ్రేకులు, క్లచ్ ప్లేట్లు అన్నీ వచ్చు, ఇంజన్ పైభాగం, అదే హెడ్, దించాక టైమింగ్ పెట్టమంటే, అంటే పిస్టన్ కదలికకి సరిగ్గా వాల్వులు తెరుచుకునేలా గుర్తులు కలిపి చైన్ వెయ్యమంటే మాత్రం పక్కకి తప్పుకుంటారు. నేను చూసినంతలో హెల్పర్ జీతం, మెకానిక్ జీతం విడిపోయేది అక్కడే. అందుకే గన్నవరంలో విమానం ఎక్కకముందే, ఆటోనగర్లోనో పటమటలోనో మంచి మేస్త్రి దగ్గర కూర్చుని ఈ ఒక్క పని పూర్తిగా నేర్చుకోండి.

ఊళ్ళో అయితే మనం గుర్తులు కలిపామో లేదో మేస్త్రి ఒకసారి చూసుకుంటాడు. ఇక్కడ పక్క బండి దగ్గర ఉన్నది పెషావర్ ఉస్తాద్ కావచ్చు, కేరళ చేట్టన్ కావచ్చు, ఎవరి పని వాళ్ళది, జాబ్ కార్డు మీద మీ పేరే ఉంటుంది. బళ్ళు మనకి తెలిసినవే, డెలివరీ వాళ్ళు నడిపే పల్సర్లు, యూనికార్న్‌లు. కాకపోతే ఆ ఎండలో ఇంజన్ చల్లారే టైమే ఉండదు, టైమింగ్ చైన్ సాగిపోయి గరగరమంటూ వస్తాయి.

లెక్క చిన్నదే. పిస్టన్‌తో పాటు తిరిగే కింది షాఫ్టు క్రాంక్, వాల్వుల్ని తెరిచే పై షాఫ్టు కామ్, ఆ రెంటినీ కలిపేది టైమింగ్ చైన్. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే కామ్ ఒక్క చుట్టు. క్రాంక్ మీద చైన్ పట్టే పళ్ళు 17 ఉంటే కామ్ పళ్ళ చక్రం, అదే స్ప్రాకెట్, మీద 34. ఒక్క పన్ను తప్పితే కామ్ దగ్గర 10 డిగ్రీల పైన, క్రాంక్ లెక్కలో 21. అయినా బండి స్టార్ట్ అవ్వచ్చు, ప్రమాదమంతా అక్కడే. లాగదు, వేడెక్కుతుంది, పాపం ఆ డెలివరీ కుర్రాడు కార్బురేటర్ పాడైందనుకుని డబ్బులు పోసుకుంటాడు. ఇంకా ఎక్కువ తప్పితే పిస్టన్ వాల్వుని కొట్టి వంచేస్తుంది.

ప్లగ్గు తీసేసి, ఇంజన్ తిరిగే వైపే క్రాంక్ చివరి మ్యాగ్నెట్ చక్రాన్ని తిప్పుతూ, పిస్టన్ పూర్తిగా పైకి వచ్చిందని చెప్పే టి గుర్తుని కేసు మీది గాటుకి తేవాలి. పక్కనే ఎఫ్ అని ఉంటుంది, అది స్పార్క్ కోసం, తక్కువ వెలుతురులో దాన్నే టి అనుకోవద్దు. తిప్పేటప్పుడు చైన్‌ని తీగతో పైకి పట్టి ఉంచాలి, లేకపోతే కింద క్రాంక్ దగ్గర ముద్దగా ఇరుక్కుంటుంది. కామ్ గుర్తులు ఆ బండి మాన్యువల్లో చెప్పినట్టు హెడ్ అంచుకి కలవాలి. చైన్ లాగే వైపు బిగువుగా ఉండాలి, వదులంతా చైన్‌ని నొక్కి పట్టే టెన్షనర్ వైపుకి రావాలి. టెన్షనర్ పిన్నుని లోపలికి తిప్పాకే బిగించండి.

ఇక సెల్ఫ్ మీద చెయ్యి వెయ్యొద్దు! ముందు స్పానర్‌తో క్రాంక్‌ని రెండు చుట్లు నెమ్మదిగా తిప్పండి. వాల్వు స్ప్రింగు నొక్కుకుంటున్నప్పుడు బరువు తెలుస్తుంది, కామ్ మీది ఉబ్బు, అదే లోబ్, దాటగానే స్పానర్ చేతిలో చిన్నగా ముందుకి గెంతుతుంది. అది మామూలే. గట్టిగా, రాయికి తగిలినట్టు ఆగితే మాత్రం బలవంతం చెయ్యకుండా మళ్ళీ విప్పండి. రెండు చుట్లయ్యాక కింద టి, పైన కామ్ గుర్తు రెండూ తిరిగి అదే చోటికి రావాలి. టాపెట్, అంటే వాల్వుకీ దాన్ని నొక్కే రాకర్‌కీ మధ్య సందు, చూసేటప్పుడు కూడా ఒక సంగతి ఉంది, ఆ రెండు చుట్లలో టి గుర్తు రెండుసార్లు వస్తుంది, వాల్వులు రెండూ మూసి ఉండేది అందులో ఒక్కసారే. అప్పుడు రెండు రాకర్లూ వేలితో కదిపితే టిక్కుటిక్కుమని ఆడాలి, సందు కొలిచే గేజ్ పెట్టాల్సింది అప్పుడే.

విప్పేముందు చైన్ మీద పెయింట్ చుక్క పెట్టుకుంటే చాలనే వాళ్ళున్నారు. నాకు అది నచ్చదు, ఇంతకుముందు విప్పినవాడు తప్పుగా బిగించి ఉంటే ఆ తప్పునే మళ్ళీ బిగిస్తాం. టి సరిగ్గా ఉండి కామ్ గుర్తు కొంచెం వెనకబడి రెండు పళ్ళ మధ్య ఊగిసలాడుతుంటే చైన్ సాగిందని అనుమానించండి, ఏ పన్ను వెయ్యాలా అని తేల్చుకోలేక టైమ్ పాడు చేసుకోకుండా కొత్త చైన్ అడగండి.

మీరింకా ఊళ్ళోనే ఉంటే ఒక పాత స్ప్లెండర్ ఇంజన్ సంపాదించి రోజూ విప్పి బిగించండి. మీరు చూడకుండా చైన్ ఒక పన్ను జరిపి ఇమ్మని మేస్త్రిని అడగండి, ఎటు జరిపాడో చేత్తో తిప్పి చెప్పగలిగినప్పుడు వీసా కాగితాలు మొదలుపెట్టండి.