మధ్యలోకొచ్చే షటిల్ ఎవరిది?

సాయంత్రం బ్యాడ్మింటన్ ప్రాక్టీస్ నుంచి రాగానే పాప బ్యాగు ఓ మూల పడేసి, మొహమైనా కడుక్కోకుండా పడుకుంది. చాలాసేపు అడిగితే అప్పుడు చెప్పింది. ఇకనుంచి ఒంటరిగా ఆడే సింగిల్స్ కాదు, ఇద్దరు జోడీగా ఆడే డబుల్స్ మీదే దృష్టి పెట్టమన్నారట కోచ్. "అంటే నేను సింగిల్స్‌కి పనికిరాననేగా అమ్మా?"

ఈ మాట దాని నోట వింటానని అనుకోలేదు. సింగిల్స్‌లో నెగ్గలేనివాళ్లే డబుల్స్‌కి వెళ్తారని కోర్టుల దగ్గర ఎన్నిసార్లు విన్నానో. విన్న ప్రతిసారీ ఒళ్లు మండుతుంది. ప్రపంచ ఛాంపియన్‌షిప్స్‌లో 1983లో ప్రకాశ్ పదుకొణెకి కాంస్యం వచ్చాక, మళ్లీ మన దేశానికి పతకం వచ్చింది 2011లో. తెచ్చింది గుత్తా జ్వాల, అశ్విని పొన్నప్ప, అదీ డబుల్స్‌లో. సింధు, సైనాల పతకాలు ఆ తర్వాతివే. ఇదంతా చెప్పాను. విన్నదో లేదో, గోడవైపు తిరిగి పడుకుంది.

సాత్విక్ సంగతి ఎత్తేసరికి మాత్రం ఇటు తిరిగింది. అమలాపురం కుర్రాడు, డబుల్సే ఆడతాడు. 2023లో కొట్టిన స్మాష్, అంటే పైనుంచి కిందికి బలంగా కొట్టే దెబ్బ, గంటకు 565 కిలోమీటర్ల వేగంతో గిన్నిస్ రికార్డుకెక్కింది. పాపకి ఆ అంకె కంఠతా వచ్చు. దానికి తెలియనిది వేరే ఉంది. 2016లో కోచ్ టాన్ కిమ్ హెర్ సాత్విక్‌ని, ముంబై కుర్రాడు చిరాగ్ శెట్టిని జోడీ చేసినప్పుడు ఇద్దరికీ వెనక నుంచి కొట్టడమే అలవాటు. మరి ముందు నెట్ దగ్గర ఉండేదెవరు? ఎంత బలమైన స్మాష్ ఉన్నా, ఎదుటివాళ్లు షటిల్ పైకి లేపితేనే కదా కొట్టేది. వాళ్లు లేపేలా చేయాల్సింది నెట్ దగ్గరున్న మనిషి. ఆ పని చిరాగ్ నేర్చుకున్నాడు.

మా పాప సర్వ్ బాగా చేస్తుంది. షటిల్ ఈకల్ని బొటనవేలు, చూపుడువేలు కొసలతో పట్టుకుని, ఊపిరి బిగబట్టి, ర్యాకెట్‌తో చిన్నగా నెడుతుంది. నెట్ తెల్లపట్టీని ఒరుసుకుంటూ అవతల పడుతుంది. కోచ్ చూసింది ఆ చేతినేనని నా నమ్మకం. సర్వ్ రెండు వేళ్లెత్తు ఎక్కువ లేచిందంటే డబుల్స్‌లో పాయింట్ పోయినట్టే.

దిగులు లేని దారి కాదని కూడా చెప్పాను, దాయలేదు. ర్యాంకు జోడీది. ఒకరికి దెబ్బ తగిలితే ఇద్దరూ ఆగాలి. 2024లో సాత్విక్ భుజం నొప్పితో ఆసియా ఛాంపియన్‌షిప్స్ ఆడలేకపోతే, అంతకుముందు ఏడాది గెలిచిన టైటిల్‌ని నిలబెట్టుకునే అవకాశం చిరాగ్‌కీ పోయింది. టోక్యో ఒలింపిక్స్ తలుచుకుంటే నాకిప్పటికీ గుండె బరువెక్కుతుంది. సాత్విక్, చిరాగ్ గ్రూపులో మూడు మ్యాచ్‌లకి రెండు గెలిచారు. అందులో ఒకటి, చివరికి స్వర్ణం పట్టుకెళ్లిన లీ యాంగ్, వాంగ్ చీ లిన్ జోడీ మీదే. మూడో గేమ్ 27-25. అయినా గెలిచిన, ఓడిన గేముల లెక్కలో వెనకబడి క్వార్టర్ ఫైనల్స్‌కి చేరలేదు.

అక్కడితో వాళ్లు విడిపోలేదు. 2022లో థామస్ కప్, అంటే పురుషుల జట్ల ప్రపంచ పోటీ, గెలిచిన మన జట్టులో ఉన్నారు. 2023లో ఇండోనేషియా ఓపెన్, ఆసియా క్రీడల స్వర్ణం, ఆ వెంటనే ప్రపంచ నంబర్ వన్. పారిస్ ఒలింపిక్స్‌లో మళ్లీ దెబ్బ. క్వార్టర్స్‌లో మలేషియా జోడీ మీద మొదటి గేమ్ 21-13తో గెలిచి కూడా మ్యాచ్ పోగొట్టుకున్నారు. ఇండోనేషియాలో తాము ఫైనల్లో ఓడించిన జోడీయే అది. ఆ రోజు నేను టీవీ ముందు నుంచి లేవలేకపోయాను. ఓడిన రోజున కూడా పక్కన ఆ మనిషే ఉంటాడు, మర్నాడు ప్రాక్టీసూ ఆ మనిషితోనే. కోర్టు బయట కూడా ఒకరినొకరు నిలబెట్టుకోవాలి, అది నేర్పే కోచింగ్ ఎక్కడుంటుందో నాకు తెలియదు.

పాప లేచి కూర్చుని చెయ్యి చాపి చూపించింది. మణికట్టు పైన ఎర్రగా గీత. ఇవాళ కొత్త పార్ట్‌నర్‌తో ఆడుతుంటే షటిల్ ఇద్దరి మధ్యకి వచ్చిందట, ఇద్దరూ ఒకేసారి దూకారట. ఆ అమ్మాయి ర్యాకెట్ వచ్చి దీని చేతికి తగిలింది. ఆ తర్వాత భయపడి ఇద్దరూ వదిలేశారట, మూడుసార్లు వరసగా మధ్యలోనే పడింది.

"కోచ్ ఏమన్నారు?"

"కొట్టేముందు 'నాది' అని గట్టిగా అరవమన్నారు. నాకు సిగ్గేసింది."

కొబ్బరినూనె రాస్తుంటే కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఫోన్ అడిగి తీసుకుంది. పక్క గదిలోంచి దాని గొంతు వినిపిస్తూనే ఉంది: "అక్కా, రేపు మధ్యలోకొస్తే నువ్వు కొడతావా, నన్ను కొట్టమంటావా?"