ఊరికి తూర్పున ఇద్దరు

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. మట్టల ఆదివారం, యేసు యెరూషలేములోకి వచ్చిన రోజుని గుర్తుచేసుకునే ఆదివారం, వస్తోంది కదా, అబిడ్స్‌లో, సికింద్రాబాద్‌లో పాత చర్చిల దగ్గర పిల్లలు మట్టలు ఊపుకుంటూ హోసన్నా పాడుకుంటూ రోడ్డు మీదికి వస్తారు, ట్రాఫిక్ ఆగిపోతుంది, ఏడాది మొత్తంలో నాకు బాగా ఇష్టమైన రోజు అది. కానీ లూకా సువార్త 19వ అధ్యాయంలో మనం 40వ వచనం దాకా చదివి, వీళ్ళు ఊరుకుంటే రాళ్ళు కేకలేస్తాయి అన్న మాట దగ్గర ఆపేస్తాం. ఆ తర్వాతి వచనమే, యేసు యెరూషలేము పట్టణాన్ని చూసి ఏడ్చాడు. దయచేసి 44 దాకా చదవండి.

ఏడుస్తూ ఆయన చెప్పింది ఓదార్పు మాట కాదు, తీర్పు. శత్రువులు నీ చుట్టూ గట్టు కడతారు, అన్ని వైపులా ముట్టడిస్తారు, రాయి మీద రాయి ఉండనివ్వరు అన్నాడు, క్రీ.శ. 70లో రోమా సైన్యం వచ్చి యెరూషలేముని అలాగే చేసింది. దేవుడు ప్రేమ కాబట్టి తీర్పు ఉండదులే అనుకోడానికి ఈ భాగంలో చోటు లేదు. కానీ ఆ తీర్పు చెప్తున్నాయన ఏడుస్తున్నాడు, నేను ఎప్పుడు చదివినా అక్కడే ఆగిపోతాను.

ఆయన దిగి వస్తున్నది ఒలీవల కొండ మీద నుంచి, అది పట్టణానికి తూర్పున ఉంది. ఇంకొకాయన కూడా ఒక పట్టణానికి తూర్పున కూర్చున్నాడు, ప్రవక్త యోనా, యోనా 4:5 చూడండి. నలభై రోజుల్లో నీనెవె నాశనమైపోతుంది అని చెప్పేసి, ఊరి బయటికొచ్చి పందిలి వేసుకుని ఏం జరుగుతుందో చూద్దామని కూర్చున్నాడు. ఈలోపు ఊరంతా ఉపవాసం, రాజు సింహాసనం దిగి బూడిదలో కూర్చున్నాడు, పశువులకి కూడా గోనెపట్ట కట్టారు, దేవుడు కీడు చెయ్యడం మానుకున్నాడు, దాంతో యోనాకి మహా కోపం వచ్చింది. నువ్వు జాలిగల దేవుడివని నాకు ముందే తెలుసు, అందుకే నన్ను నీనెవెకి వెళ్ళమంటే తర్షీషుకి పారిపోయాను అంటాడు. నీనెవె అంటే ఆయన జనాన్ని భయపెట్టిన అష్షూరువాళ్ళ ఊరు, వాళ్ళ క్రూరత్వం చిన్నది కాదు, కాబట్టి ఆ కోపాన్ని తేలిగ్గా తీసిపారెయ్యలేం. అయినా తనకి నీడనిచ్చిన సొరచెట్టు ఎండిపోతే చచ్చిపోతాను అన్న మనిషి, లక్షా ఇరవై వేల మందికి పైగా ఉన్న ఊరు కాలిపోవాలని కోరుకున్నాడు. "నీనెవె మహాపురము విషయములో నేను విచారపడవద్దా?" అని దేవుడు అడిగిన ప్రశ్నతోనే గ్రంథం అయిపోతుంది, యోనా ఏం జవాబు చెప్పాడో రాయలేదు.

2020 అక్టోబర్‌లో మన సిటీ మునిగినప్పుడు ఇది హైదరాబాద్ మీద దేవుని తీర్పు అని వాట్సాప్‌లో మెసేజ్‌లు తిరిగాయి, మన గ్రూపుల్లోనే, కింద వరసగా ఆమెన్, ఆమెన్ అని. పాతబస్తీలో మనుషులు ఇంటి కప్పుల మీద నిలబడి ఉన్నప్పుడు. సిలోయము గోపురం పడి చచ్చిపోయిన ఆ 18 మంది యెరూషలేములో అందరికంటే పెద్ద పాపులా అని యేసు అడిగాడు, కాదు అన్నాడు, మీరు మారుమనస్సు పొందకపోతే మీరూ అలాగే నశిస్తారు అని వింటున్నవాళ్ళ వైపు తిప్పాడు. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగినప్పుడు ఒక చింతచెట్టు ఎక్కి 150 మంది దాకా బతికారు, ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఆ చెట్టు ఇంకా ఉంది. చెట్టు దొరికినవాళ్ళంతా నీతిమంతులు, కొట్టుకుపోయిన వేలమంది పాపులు అని ఎవరు అనగలరు?

మరి న్యాయం అడగొద్దా అంటే, అడగాలి. మా సంఘంలో ఒక పెద్దమ్మ ఉంది, కొడుకుని లారీ గుద్ది చంపేసింది. ప్రతి వాయిదాకి ఎండలో బస్సెక్కి కోర్టుకి వెళ్తుంది, కాగితాలన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో చుట్టి చీర కొంగు కింద పట్టుకుంటుంది, రాజీకి డబ్బులిస్తామంటే వద్దంది. బుధవారం ఉపవాస ప్రార్థనలో మోకాళ్ళ మీద ఆ డ్రైవర్ పేరు పెట్టి, "వాడికి శిక్ష పడాలయ్యా, వాడు నాశనం కాకూడదయ్యా, వాడి పిల్లల్ని చూడు" అంటుంది, ఒకే ఊపిరిలో. మొదట్లో కొందరికి నచ్చలేదు, రెండూ ఎట్లా అడుగుతావమ్మా అన్నారు, ఆమె ఏం జవాబివ్వలేదు, అలాగే అడుగుతోంది. నేను విన్న తీర్పు ప్రసంగాలన్నిటికంటే ఆ ప్రార్థనే ఒలీవల కొండకి దగ్గరగా ఉంది అనిపిస్తుంది నాకు.

కేసు ఇంకా నడుస్తోంది. ఈ వారం ఆమెని మీ ప్రార్థన విన్నపాల్లో పెట్టుకోండి, ఆ డ్రైవర్ని కూడా.