బానెట్ మీద పదిహేడు చుక్కలు

చలి మైనస్ పది డిగ్రీలకు దిగిందంటే కెనడాలోని మా కాల్గరీ రోడ్ల మీద మంచు కరగడానికి చల్లే ఉప్పు సరిగా పనిచేయదు. అందుకే టైర్లకు పట్టు దొరకాలని సన్న కంకర కూడా చల్లుతారు. ముందు వెళ్లే ట్రక్కు చక్రాల కింది నుంచి ఆ కంకరే ఎగిరివచ్చి మన కారుకు తగులుతుంది. దాని మీద నాకు కోపం లేదు. జనవరిలో ఒక వాలు రోడ్డు మీద బ్రేకు వేసినప్పుడు నన్ను ఆపింది అదే.

నాది వృద్ధుల ఇళ్లకు వెళ్లి సేవ చేసే ఉద్యోగం. పొద్దున ఎయిర్డ్రీలో ఒకావిడకు స్నానం చేయించి, మధ్యాహ్నానికి ఒకోటోక్స్‌లో ఒక పెద్దాయనకు భోజనం పెట్టాలి. ఒకటి నగరానికి ఉత్తరాన, మరొకటి దక్షిణాన, మధ్యలో హైవే 2. కారు ఆగితే నా జీతం ఆగుతుంది.

ఏప్రిల్ చివర్లో కారు కడిగి చూస్తే ఎర్రటి బానెట్ మీద కంకర తగిలి రంగు లేచిన పదిహేడు చుక్కలు. పదమూడు బూడిద రంగులో ఉన్నాయి. నాలుగింట్లో ఇనుము బయటపడింది, ఒకదాని అంచున అప్పుడే తుప్పు మొదలైంది. షాపులో బానెట్ మొత్తానికి రంగు వేయడానికి చెప్పిన ధర, నేను నెలనెలా ఇంటికి పంపే డబ్బంత ఉంది.

ఆ రాత్రి తొమ్మిదింటికి విజయవాడలో ఉన్న బాబాయికి వీడియో కాల్ చేశాను. అక్కడ ఉదయం ఎనిమిదిన్నర. ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు లారీలకు, కార్లకు రంగులు వేసిన మనిషి.

"బూడిద రంగుది ప్రైమరమ్మా, రంగు కింద వేసే పొర, దానికి తొందర లేదు. ఇనుము కనబడ్డ చోట మాత్రం ఆలస్యం చేయకు. తుప్పు రంగు కింద నుంచి పాకుతుంది. పైన బుడగ లేచేసరికి లోపల తినేసి ఉంటుంది" అన్నారు.

డ్రైవర్ తలుపు తీస్తే పక్క స్తంభానికి అంటించిన చీటీ మీద రంగు కోడ్ ఉంటుంది. నా టొయోటాది 3ఆర్3. ఆ కోడ్ చెప్పి చిన్న సీసా రంగు, ప్రైమర్, రంగు మీద పూసే పారదర్శకమైన క్లియర్ కొన్నాను.

ఎండ నేరుగా పడని గ్యారేజీలో, పదిహేను డిగ్రీలున్న ఒక ఆదివారం పని మొదలుపెట్టాను. మైనం జిడ్డు పోయేలా ఆల్కహాల్‌తో తుడిచాను. వాటర్ పేపర్ (తడిపి రుద్దే గరుకు కాగితం) ముక్కను అగ్గిపుల్ల కొసకు అంటించి, చుట్టూ గీత పడకుండా తుప్పును గీకాను. ఇనుము మెరిసేదాకా వదలలేదు. ఈ పనికే గంటన్నర పట్టింది, కానీ అసలు మరమ్మతు ఇదే. దీన్ని వదిలేసి పైన రంగు పూస్తే తుప్పును దాచిపెట్టినట్టే.

కంపెనీ వేసిన పొరలన్నీ కలిపినా మందం మిల్లీమీటరులో పదోవంతు కన్నా కాస్తే ఎక్కువ. ప్రైమర్ ఆరాక, రంగు సీసా మూతకున్న బ్రష్‌తో మొదటి చుక్క పెడితే ఆవగింజలా ఉబ్బింది. "ఆరకముందే థిన్నర్ గుడ్డతో తుడిచెయ్. పూయడం కాదమ్మా, గుంటలోకి దింపాలి" అన్నారు వీడియో కాల్‌లో చూస్తున్న బాబాయి. ఈసారి టూత్‌పిక్ మొన మీద రంగు తీసుకుని గుంట మధ్యలో తాకించాను. తనంతట తానే అంచుల దాకా పాకి ఆగింది. అరగంటకు ఆరి కుంగింది. మళ్లీ ఒక చుక్క. అలా మూడుసార్లు, మర్నాడు క్లియర్.

వారం ఆగి సబ్బునీళ్లతో, 2000 నంబరు వాటర్ పేపర్‌తో చాలా తేలికగా రుద్ది పాలిష్ పెట్టాను. మెటాలిక్ రంగు కాబట్టి స్ప్రేలో పరుచుకున్నట్టు లోహపు రేణువులు ఇక్కడ పరుచుకోవు. ఒక వైపు నుంచి చూస్తే ఆ చోట్లు ముదురుగా కనిపిస్తాయి. బాబాయి కంటికి ఫోన్లో కూడా కనిపించాయి. "స్ప్రే కొడితే తప్ప అది పోదు, వదిలెయ్. తుప్పు ఆగిందా లేదా, అదే చూసుకో" అన్నారు.

అక్టోబరు మొదట్లో మళ్లీ కడిగి ఆ నాలుగింటినీ గోరుతో తడిమాను. తుప్పు లేదు. పక్కనే కొత్తవి రెండు. ఈ పనికి తగ్గ, పది డిగ్రీలు దాటే పగళ్లు ఇక కొన్నే మిగిలాయి. ఆదివారం వాటి పని.