ఆదివారం ఏడు గంటలకు, చాపల మీద

శాతవాహన ఎక్స్‌ప్రెస్ సికింద్రాబాద్ చేరేసరికి మధ్యాహ్నం కావస్తోంది. మా మేనకోడలు ప్లాట్‌ఫారం మీదే నిలబడి ఉంది. భుజాన గుడ్డసంచి, చేతిలో కరపత్రాల కట్ట. "మామా, తిని తిరుగుదామా, తిరిగి తిందామా?" అని అడిగింది. తిరిగి తిందామన్నాను. ఆ నాలుగు రోజులూ అలాగే గడిచాయి.

మాది ఖమ్మం జిల్లా. మా నాన్న చనిపోయేదాకా ఎర్రజెండా పార్టీ సభ్యుడు. నేనూ ఇరవై ఏళ్లు ఉన్నాను. ఆరేళ్ల కిందట సభ్యత్వం రెన్యువల్ చేయించుకోలేదు. ఎవరితోనూ గొడవ పడలేదు. వారం వారం జరిగే మా ఊరి పార్టీ శాఖ సమావేశం ముందు నెలకోసారి అయింది, తర్వాత ఎన్నికలకోసారి అయింది. ఆ తర్వాత ఎవరూ పిలవలేదు, నేనూ వెళ్లలేదు. నాన్న ఫొటో ముందు నిలబడ్డప్పుడల్లా అది గుచ్చుకుంటుంది. మేనకోడలు ఉస్మానియాలో పీజీ చేసి, ఉద్యోగం వద్దనుకుని హోల్‌టైమర్, అంటే పార్టీకి పూర్తికాలం పనిచేసే కార్యకర్త, అవుతానన్నప్పుడు మా అక్క రెండు రోజులు అన్నం తినలేదు. నాకు మాత్రం వెళ్లి చూడాలనిపించింది. లెఫ్ట్ పని అయిపోయిందని ఊరంతా అంటున్నప్పుడు ఈ పిల్లలు ఏం చూసుకుని బస్తీల్లో తిరుగుతున్నారు?

సికింద్రాబాద్ వెస్ట్‌లో మెట్రో ఎక్కి ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో దిగి, బాగ్‌లింగంపల్లి వైపు నడిచాం. 2023 ఆగస్టులో తెరిచిన స్టీల్ బ్రిడ్జి నెత్తిమీద వెళ్తోంది. ఇందిరా పార్కు దగ్గర ఎక్కితే వీఎస్టీ సిగరెట్ ఫ్యాక్టరీ దగ్గర దిగుతుంది. దానికి నాయిని నర్సింహారెడ్డి పేరు పెట్టారు. మంత్రి కాకముందు ఆయన ఈ వీఎస్టీ కార్మికుల యూనియన్ నాయకుడే. బ్రిడ్జి కింద ఆజమాబాద్ పారిశ్రామికవాడ. ఒకప్పుడు సైరన్ మోగితే వేలమంది బయటికొచ్చిన రోడ్లు ఇవి. నగరం మొత్తం మీద ఆల్విన్, ప్రాగా టూల్స్, ఐడీపీఎల్, డీబీఆర్ మిల్లు... ఒక్కో ఫ్యాక్టరీ గేటూ మూతపడుతూ వచ్చింది. లెఫ్ట్ ఎందుకు బలహీనపడిందని ఎవరైనా అడిగితే నేను మొదట ఈ గేట్ల పేర్లే చెబుతాను. గేటు ఉన్నప్పుడు అక్కడ నిలబడి మాట్లాడితే అయిదువందల మంది వినేవాళ్లు. ఇప్పుడు ఆ అయిదువందల మందీ అయిదువందల చోట్ల పని చేస్తున్నారు.

సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో కాసేపు కూర్చున్నాం. 2000 ఆగస్టు వరదలో ఇక్కడి ఉర్దూ గ్రంథాలయంలో వేల పుస్తకాలు తడిసిపోయాయి. అదే నెల 28న కరెంటు చార్జీల పెంపు మీద అసెంబ్లీకి బయల్దేరిన జనం మీద బషీర్‌బాగ్‌లో పోలీసులు కాల్పులు జరిపారు. రామకృష్ణ, విష్ణువర్ధన్ రెడ్డి, బాలస్వామి చనిపోయారు. అప్పుడు మా ఊరి నుంచి రెండు లారీల జనం వచ్చారు. ఇప్పుడు అదే ఊరి నుంచి ఒక జీపు నిండటం కష్టం.

లెక్కలు దాచి లాభం లేదు. 1952లో నల్గొండ నుంచి రావి నారాయణరెడ్డికి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు వచ్చాయి. 2020 జీహెచ్ఎంసీ ఎన్నికల్లో 150 డివిజన్లలో లెఫ్ట్‌కు ఒక్కటీ రాలేదు. 2023 అసెంబ్లీ ఎన్నికల్లో సీపీఐ కాంగ్రెస్‌తో పొత్తు పెట్టుకుని కొత్తగూడెం గెలిచింది. సీపీఎం ఒంటరిగా పోటీ చేసి ఒక్కటీ గెలవలేదు. ఈ అంకెలు చదివి వినిపిస్తే మేనకోడలు నొచ్చుకుంటుందనుకున్నాను. "మాకు కంఠతా వచ్చు మామా. ఓట్లు పోయినయని అందరికీ తెలుసు. మనుషులు ఎక్కడ పోయారో వెతుకుతున్నం" అంది.

రెండో రోజు తెల్లవారుజామునే జీడిమెట్ల. లేబర్ అడ్డా దగ్గర టీ తాగుతూ ఉండగానే ఇద్దరు కుర్రాళ్లు వచ్చి కలిశారు. ఒకడు పగలు ఫుడ్ డెలివరీ చేస్తాడు, ఇంకొకడు ప్లాస్టిక్ ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కార్మికుడు. వాళ్ల కరపత్రం ఒక పక్క తెలుగులో, ఇంకో పక్క హిందీలో ఉంది. ఇక్కడ పనిచేసేవాళ్లలో చాలామంది బిహార్, ఒడిశా నుంచి వచ్చినవాళ్లు. నెలకు 26,000 కనీస వేతనం అని యూనియన్లు అడుగుతున్నాయి. ఆ అంకె చదివి ఒక ఒడియా అబ్బాయి కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. పన్నెండు గంటల షిఫ్టు చేసి, తనలాంటి వాళ్లు ఏడుగురితో కలిసి ఒక గదిలో ఉంటున్నాడట. 29 కార్మిక చట్టాలను 4 కోడ్‌లుగా మార్చిన సంగతి అతనికి తెలియదు. చెయ్యి తెగితే ఆస్పత్రి ఖర్చు ఎవరు పెట్టాలన్నదే అతని ప్రశ్న. ఫ్యాక్టరీలో చేసే కుర్రాడు కోడ్‌ల గురించి ఒక్క మాట కూడా ఎత్తకుండా, కార్మికుల ఆరోగ్య బీమా ఈఎస్ఐ కార్డు ఉందా, జీతంలో కోత పడుతోందా, పేరూ నంబరూ సరిగా ఉన్నాయా అని అడిగి, అతని ఫోన్‌లోనే చూసి పెట్టాడు. అరగంట పట్టింది. మా రోజుల్లో ఆ అరగంటలో మేం అంతర్జాతీయ పరిస్థితి చెప్పేవాళ్లం. అదీ చెప్పాలి, ఇప్పటికీ అంటాను. కానీ ఆ అబ్బాయి మరునాడు ఇంకో నలుగురిని వెంటబెట్టుకుని వచ్చాడని కుర్రాడు ఫోన్ చేసి చెప్పినప్పుడు మాత్రం చాలాసేపు ఆలోచనలో పడ్డాను.

ఆ సాయంత్రం మూసీ ఒడ్డుకు వెళ్లాం. చాదర్‌ఘాట్ దగ్గర సందుల్లో కొన్ని గోడల మీద ఎర్ర రంగుతో ఆర్‌బీ-ఎక్స్ అన్న గుర్తులు ఇంకా కనిపిస్తున్నాయి. నది గర్భంలో ఉన్నాయని చెప్పి 2024లో ఈ ఇళ్లకు గుర్తులు పెట్టారు. కొందరు డబుల్ బెడ్‌రూం ఇళ్లకు వెళ్లిపోయారు. కొందరు కదలలేదు. కదిలినవాళ్లకు పనికి దూరమైందని, పిల్లల బడి మారిందని కదలనివాళ్లు చెబుతారు. మేనకోడలి సంచిలో ఒక రిజిస్టరు ఉంది. ఇంటి నంబరు, ఎన్నేళ్ల నుంచి ఉంటున్నారు, కరెంటు బిల్లు ఎవరి పేరు మీద, పిల్లలు ఏ బడి. ఇల్లిల్లూ తిరిగి తనే రాసింది. ఆ చేతిరాత చూస్తే మా నాన్న కౌలుదార్ల లెక్క రాసిన పుస్తకం గుర్తొచ్చింది.

ఒక ఇంట్లో పెద్దావిడ మాకు చాయ్ ఇచ్చి, మేనకోడలితో ఉర్దూలో ఏదో అంది. పిల్ల తడబడుతూనే జవాబు చెప్పింది. తర్వాత తెలిసింది, ఏడాది నుంచి ఉర్దూ అక్షరాలు నేర్చుకుంటోందట. ఇదే మూసీ ఒడ్డున సిటీ కాలేజీలో మఖ్దూం మొహియుద్దీన్ పాఠాలు చెప్పాడు. హైదరాబాద్‌లో కార్మిక సంఘాలు కట్టిన కమ్యూనిస్టు, ఉర్దూ కవి. ఆయన విగ్రహం ట్యాంక్‌బండ్ మీద ఉంది, హిమాయత్‌నగర్‌లో సీపీఐ ఆఫీసుకు ఆయన పేరే. ఆయన మాట్లాడిన భాషలో ఇవాళ ఈ సందుల్లో పంచడానికి ఎర్రజెండా కరపత్రం ఒక్కటీ నాకు కనిపించలేదు. పార్టీ ఈ ఊళ్లో పోగొట్టుకున్నవాటిలో సీట్ల కంటే పెద్దది ఇదేనని నాకు గట్టిగా అనిపించింది. "నాకు రాయడం వచ్చేసరికి ఇంకో ఏడాది పడుతుంది మామా. అప్పుడు మొదటి కరపత్రం నేనే రాస్తా" అంది.

మూడో రోజు గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. ధర్నా చౌక్‌లో అంగన్‌వాడీల సభ ఉందంటే వెళ్లాం, ఎండ దంచేసింది. 2017లో ఈ చౌక్‌ను మూసేస్తే, మే 15న లెఫ్ట్ పార్టీలు, ప్రజాసంఘాలు, ఇతర పార్టీలు ఇక్కడికే కదిలివచ్చాయి. హైకోర్టు చెప్పాక 2018లో మళ్లీ తెరుచుకుంది. ఆ సంగతి అక్కడ కూర్చున్న ఒక ఆయమ్మకు చెప్తే, "అయితే ఈ జాగ కూడా కొట్లాడి తెచ్చుకున్నదేనా" అని నేలను చేత్తో తట్టి చూసింది.

ఆదివారం రాత్రి ఏడు గంటలకు రామ్‌నగర్ వెనక ఒక బస్తీలో శాఖ సమావేశం. నేను సభ్యుణ్ని కాను కాబట్టి కూర్చోవచ్చా అని అడిగాను. అందరూ ఒప్పుకున్నాకే చాప మీద చోటిచ్చారు. ఆ పద్ధతి నాకు చాలా నచ్చింది. తొమ్మిది మంది ఉన్నారు, అందులో అయిదుగురు ఆడవాళ్లు. కార్యదర్శి జీహెచ్ఎంసీలో పారిశుధ్య కార్మికురాలు. తెల్లవారుజామున నాలుగింటికే పనిలోకి వెళ్లే మనిషి. కళ్లజోడు సర్దుకుని గత సమావేశం మినిట్స్ చదివింది. నెలకు 20 వేల లీటర్లు ఉచితంగా వచ్చే నల్లా నీళ్లకు ఆధార్ లింక్ కాని ఇళ్లు పద్నాలుగు. పదకొండు అయ్యాయి. మిగతా మూడు ఎవరు చేస్తారు? ట్యూషన్‌కు వచ్చే పిల్లలు ఇరవై రెండు మంది. చందా డబ్బా వసూళ్ల లెక్క రూపాయితో సహా.

తర్వాత ఆత్మవిమర్శ. డెలివరీ కుర్రాడు లేచి, రెండు సమావేశాలకు రాలేదని ఒప్పుకున్నాడు. దానికి కారణం చెప్పబోతే కార్యదర్శి ఆపి, "కారణం అందరికీ ఉంటది బిడ్డా, ముందు చెప్తే నీ పని ఇంకొకరు చేద్దురు" అంది. అతను తలూపి కూర్చున్నాడు.

కులం మాట వచ్చినప్పుడు గొంతులు లేచాయి. 2018లో బహుజన లెఫ్ట్ ఫ్రంట్ పేరుతో ఎర్రజెండా, అంబేడ్కర్‌వాదుల నీలిజెండా కలిసి పోటీ చేసినప్పుడు సీట్లు రాలేదు కదా అని ఒక పెద్దాయన అన్నాడు. "సీట్లు రాలేదని మా వాడ మాట మాట్లాడుడు ఆపుతమా? మా ఇంటికి మొదటిసారి పార్టీ వచ్చింది గప్పుడే" అని ఒక అమ్మాయి తిరగబడింది. 2025 జనవరిలో సంగారెడ్డి మహాసభలో సీపీఎం రాష్ట్ర కార్యదర్శిగా దళితుడైన జాన్ వెస్లీ ఎన్నికయ్యారు. ఇన్ని దశాబ్దాలు ఎందుకు పట్టిందో కూడా శాఖల్లో చర్చించాలని ఆ అమ్మాయి అడిగింది. పెద్దాయన కోపగించుకోలేదు, వచ్చే వారం ఎజెండాలో పెట్టమన్నాడు. కార్యదర్శి రాసుకుంది. మా శాఖలో ఇలాంటి మాట ఎవరైనా ఎత్తితే "తర్వాత చూద్దాం" అనేవాళ్లం. మేం పోగొట్టుకున్న మనుషుల్లో కొందరు ఆ "తర్వాత" దగ్గరే పోయారు.

సమావేశం అయ్యాక చాపలు దులుపుతూ కార్యదర్శితో మాట్లాడాను. అంత పొద్దున పని, ఇల్లు, పిల్లలు ఉండగా ప్రతి వారం తప్పకుండా ఎలా పెడుతున్నావమ్మా అని అడిగాను.

"పెద్ద పెద్ద లీడర్లు వచ్చిన్రన్నా, పోయిన్రు. మాకు వాళ్ల మీద కోపం లేదు. గానీ బస్తీల ఎవనికన్న ఆపదొస్తే ఆదివారం ఏడు గంటలకు ఈడ చాపలు పరిచుంటయని తెల్వాలె. ఒక్క వారం లేకపోతే మళ్ల రారు. మా ఆయన పోయినంక రెండో వారం గూడ పెట్టిన."

నాకు నోట మాట రాలేదు. చాప చుట్టి మూల పెట్టాను.

సోమవారం మేనకోడలు స్టేషన్‌లో నన్ను రైలెక్కించి, అప్పుడే ఉప్పల్‌లో పని ఉందని వెళ్లిపోయింది. నన్ను తిరిగి చేరమని ఈ నాలుగు రోజుల్లో ఒక్కసారి కూడా అడగలేదు. కాజీపేట దాటాక సంచిలోంచి నోటుపుస్తకం తీసి మా వాడలో ఇళ్ల పేర్లు రాయడం మొదలుపెట్టాను. కొట్టు రెడ్డి ఇల్లు, మేదరోళ్ల ఇల్లు, సెంట్రింగ్ పనికి పోయే అన్నదమ్ముల ఇల్లు. మహబూబాబాద్ వచ్చేసరికి పదకొండు అయ్యాయి. పన్నెండోది మా చిన్నాన్నది. పొలం గట్టు తగాదా వల్ల తొమ్మిదేళ్లుగా ఆ గడప తొక్కలేదు. డోర్నకల్ దాకా పెన్ను పట్టుకుని కూర్చుని, చివరికి ఆ పేరు అన్నిటికంటే పైన రాశాను.