సర్వేయరు లైసెన్సు చేతికొచ్చే దాకా

విజయవాడలో ఒక కార్ల సర్వీసు కేంద్రంలో ఆరేళ్లు పనిచేశాను. దెబ్బతిన్న కారు వస్తే ఎస్టిమేటు రాయడం, నష్టాన్ని లెక్కగట్టే బీమా సర్వేయరు చూసి వెళ్లాక కంపెనీ ఇవ్వని మొత్తాన్ని యజమాని దగ్గర వసూలు చేయడం నా పని. "ప్రీమియం కట్టాను కదండీ, మళ్లీ ఈ ఏడు వేలు ఎందుకు?" అని అడగనివారు లేరు. "సర్వేయరు గారు కోత వేశారండీ" అనేవాణ్ణి. అంతకుమించి నాకూ తెలియదు. డబ్బు తీసుకుంటూ దానికి లెక్క చెప్పలేకపోవడం నాకు మనసులో ముల్లులా ఉండేది. ఆ లెక్క వేసే మనిషినే కావాలనుకున్నాను.

మెకానికల్ ఇంజనీరింగ్ చదివాను కాబట్టి మోటారు విభాగానికి అర్హత ఉంది. హైదరాబాదు కేంద్రంగా ఉన్న బీమా సర్వేయర్ల సంస్థలో విద్యార్థి సభ్యుడిగా నమోదు కావాలి. లైసెన్సున్న సర్వేయరు దగ్గర 12 నెలలు శిక్షణ పొందాలి. ఇన్సూరెన్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా పెట్టే పరీక్ష పాసవ్వాలి. అప్పుడు బీమా రంగాన్ని నియంత్రించే ఐఆర్‌డీఏఐకి లైసెన్సు కోసం దరఖాస్తు చేయాలి. 2024 జనవరిలో మొదలుపెట్టాను. ఆ ఏడాది నాకు జీతం లేదు, మా ఆవిడ సంపాదనతోనే ఇల్లు గడిచింది. ఈ దారిలోకి రావాలనుకునేవారు ముందుగా ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవలసింది ఈ విషయమే.

నాకు శిక్షణ ఇచ్చిన సర్వేయరు, మా గురువుగారు, మొదటి వారం నాతో ఆటోనగర్ షెడ్లలో ఒక్క ముక్క కూడా రాయించలేదు. చూడమన్నారు, అంతే. రెండో వారం ఒక పాత ఫైలు ఇచ్చి లెక్క కట్టమన్నారు. మూడేళ్లు దాటిన కారు. బానెట్ 12,000. ఇనుప భాగం, మూడు నాలుగేళ్ల మధ్య వయసు కాబట్టి పాతిక శాతం తరుగుదల (వాడకం వల్ల తగ్గిన విలువ), 3,000 పోతుంది. బంపరు 8,000. ప్లాస్టిక్ కాబట్టి కారు వయసుతో పనిలేకుండా సగం పోతుంది. ముందు అద్దం 9,000. గాజుకు తరుగుదల లేదు. అంటే 29,000 భాగాల మీద కోత సరిగ్గా 7,000! ఆరేళ్లు జనం నన్ను అడిగిన ఏడు వేల సంగతి అర పేజీలో తేలిపోయింది. జీరో డెప్, అంటే తరుగుదల కోత లేకుండా చేసే అదనపు కవరు, తీసుకుని ఉంటే ఈ కోత పడేది కాదు. ఆ మాట పాలసీ అమ్మేటప్పుడే ఎవరైనా కాగితం మీద వేసి చూపించి ఉంటే ఎంత బాగుండేది!

ఆ ఏడాది మధ్యలో పరీక్ష రాశాను. మోటారు పేపరు గట్టెక్కింది, బీమా సూత్రాల పేపరు తప్పాను. అత్యంత విశ్వాసం (ఏదీ దాచకుండా చెప్పడం), నష్టపూర్తి (జరిగిన నష్టం మేరకే పరిహారం), సన్నిహిత కారణం అన్నీ కంఠస్థం చేశాను. నిర్వచనం అడిగితే చెప్పగలను. ఒక సంఘటన ఇచ్చి, నష్టానికి అసలు కారణం ఏదని అడిగితే చేతులెత్తేశాను.

సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగింది. సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉంది. నీళ్లు తీశాక షెడ్ల ముందు కార్లు బారులు తీరాయి. ఎక్కడ చూసినా బురద కంపు. సీటుబెల్టును చివరిదాకా లాగి చూడమని గురువుగారు నేర్పించారు. సీట్లు కడిగేసినా లోపల చుట్టుకున్న బెల్టు మీద బురద గీత చెరగదు, నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో అదే చెబుతుంది. నూనె మట్టం చూసే డిప్‌స్టిక్ తీస్తే నూనె పాలు కలిపిన కాఫీలా ఉంటే ఇంజనులోకి నీళ్లు చేరినట్టే.

ఒకే వీధిలోంచి ఒకేరోజు రెండు కార్లు వచ్చాయి. రెండింట్లోనూ సీట్ల పైదాకా గీత. రెండింట్లోనూ అదే కాఫీ రంగు నూనె. మొదటి యజమాని బండిని తాకకుండా టోయింగ్ చేయించారు. వరద పాలసీలో ఉన్న ప్రమాదమే కాబట్టి ఇంజను విప్పి శుభ్రం చేసే ఖర్చు రాశాం. రెండో కారు ఇంజను విప్పితే పిస్టన్‌కు తగిలించి ఉండే కనెక్టింగ్ రాడ్డు వంగి ఉంది. గురువుగారు దాన్ని నా చేతికిచ్చి, "ఆగి ఉన్న ఇంజనులో ఇది వంగుతుందా?" అన్నారు. వంగదు. నీళ్లున్న సిలిండరులో పిస్టన్ పైకి కదిలితేనే వంగుతుంది. యజమాని చిన్న కిరాణా కొట్టు పెద్దాయన. అడిగితే దాచలేదు. "నీళ్లు తీశాయి కదా అని ఒక్కసారి తాళం తిప్పాను బాబూ" అన్నారు. ఇలాంటి ఇంజను నష్టానికి డబ్బిచ్చే అదనపు కవరు, ఇంజను రక్షణ, ఆయన తీసుకోలేదు.

తాళం తిప్పడం వల్లే రాడ్డు వంగిందన్న వాక్యం రాయడానికి నా చెయ్యి రాలేదు. గురువుగారు తొందరపెట్టలేదు. "వైరింగు, సీట్లు, ఇంజను శుభ్రం చేసే ఖర్చు వరద వల్లే. అందులో రూపాయి కూడా తగ్గించకు. రాడ్డు సంగతి చూసింది చూసినట్టు రాయి, ఆయన చెప్పింది చెప్పినట్టు రాయి" అన్నారు. అలాగే రాశాను. ఆ రాడ్డుకు డబ్బు రాలేదు. తర్వాత పెద్దాయనకు కోత మొత్తం అంశం అంశంగా రాసిన కాగితం ఇచ్చి, గంటసేపు కూర్చుని వివరించాను. ఆయన ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది.

రెండోసారి సూత్రాల పేపరులో సన్నిహిత కారణం మీద ప్రశ్న వచ్చినప్పుడు కళ్లముందు మెదిలింది ఆ రాడ్డే. పాసయ్యాను. లైసెన్సు దరఖాస్తు మాత్రం ఒకసారి వెనక్కి వచ్చింది. డిగ్రీలో ఇంటిపేరు పొడి అక్షరం, పాన్ కార్డులో పూర్తి పేరు. దరఖాస్తు పెట్టకముందే అన్ని పత్రాల్లో పేరు ఒకేలా ఉందో లేదో చూసుకోండి. నాకు రెండు నెలలు అక్కడే పోయాయి.

నా సొంత లైసెన్సు నంబరుతో తొలి నివేదిక ఒక ట్యాక్సీది. నియమించిన నాటినుంచి 15 రోజుల గడువు ఉంటుంది, తొమ్మిదో రోజున ఇచ్చాను. బండి ఆగితే ఆ ఇంట్లో రాబడి ఆగుతుంది. సంతకం చేసే ముందు డ్రైవరును పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని, బంపరుతో మొదలుపెట్టి ఒక్కొక్క అంకె చదివి వినిపించాను.