తొందర లేని గిరిప్రదక్షిణ

పౌర్ణమి వస్తోందంటే చాలు, హైదరాబాద్ నుంచీ విజయవాడ నుంచీ తిరువణ్ణామలై బస్సులు నిండిపోతాయి. మనవాళ్లకి అరుణాచలం మీద ఉన్న ఈ ప్రేమ నాకు చాలా ఇష్టం. కానీ కొండ చుట్టూ ఆ 14 కిలోమీటర్లూ మనం నడిచే తీరు చూస్తేనే మనసు చివుక్కుమంటుంది. ఎన్ని గంటల్లో పూర్తయింది, ఎనిమిది లింగాలూ చూశామా ఏదైనా వదిలేశామా, తెల్లవారేలోపు తిరుగు బస్సు అందుతుందా అన్న టెన్షనే దారి పొడుగునా. కుడివైపు అంత కొండ ఉంటుంది, కళ్లు మాత్రం ఫోన్‌లో ఉంటాయి.

నిండు నెలల మహారాణి ఎంత మెల్లగా అడుగు వేస్తుందో అలా నడవాలని రమణ మహర్షి చెప్పేవారు. ఆయన భక్తులతో బయల్దేరితే, దారిలో ఆగుతూ, ఒక్కోసారి రెండు మూడు రోజులు పట్టేదట.

1896 సెప్టెంబరు 1న పదహారేళ్ల కుర్రాడిగా అక్కడ అడుగుపెట్టి, మిగిలిన డబ్బులు అయ్యంకుళం అనే కోనేట్లో పారేసి, పంచె చింపి కౌపీనం కట్టుకున్నారు ఆయన. అది మనవల్ల అయ్యే పని కాదు. నాకు మాత్రం ఆ త్యాగం కన్నా ఆశ్రమం వంటింట్లో ఆయన గడిపిన తెల్లవారుజాములే ఎక్కువ గుర్తొస్తాయి. ఏళ్ల తరబడి, ఇంకా చీకటి ఉండగానే వచ్చి కూరలు తరిగేవారు, పచ్చడి రుబ్బేవారు, నేల మీద పడ్డ బియ్యపు గింజని కూడా ఏరి తీసేవారు, వచ్చిన కాగితాల్లో ఖాళీ చోటు ఉంటే రాసుకోవడానికి దాచేవారు, పంక్తిలో అందరికన్నా ఒక్క ముద్ద ఎక్కువ వడ్డించినా ఒప్పుకునేవారు కాదు. దీన్ని పొదుపు అని సరిపెట్టుకోలేను. చూపు ఆ పని మీదే ఉంది కాబట్టి ఆయనకి గింజ కనబడింది. మన ధ్యాస ఇంకెక్కడో ఉంటే గింజా కనబడదు, ఎదురుగా కూర్చుని అన్నం తింటున్న మనిషీ కనబడడు, ఆ వెలితికి ఏదో ఒకటి కొనుక్కోవాలనిపిస్తుంది. నిరాడంబరంగా బతకాలని సామాన్లు తీసేయడం మొదలుపెట్టేవాళ్లకి నేను చెప్పేది ఇదే, ముందు ధ్యాస కుదరనివ్వండి, సామాను దానంతటదే తగ్గుతుంది.

మా ఇంట్లో కూర తరిగేటప్పుడు వీడియోలు పెట్టను. బెండకాయ లేతదో ముదురుదో కొస తుంచగానే వేళ్లకి తెలుస్తుంది, ఆ కాసేపు అది చాలు. భోజనం దగ్గరికి ఫోన్ రాదు. అలా తిన్న రోజు పప్పూ అన్నంతోనే కడుపు నిండుతుంది, తర్వాత ఏదో నమలాలనిపించదు.

ఈసారి అరుణాచలం వెళితే పౌర్ణమి కాని రోజు చూసుకోండి. రోడ్డు వేడెక్కకముందే, చెప్పుల్లేకుండా బయల్దేరండి. కాళ్లు నొప్పెడితే కొండ కనబడే చోట కూర్చోండి, ఎంతసేపైనా సరే. తిరుగు టికెట్ మాత్రం మర్నాటికి తీసుకోండి.