టోక్యో ఆటల గదిలో మన ప్రార్థనా శ్లోకం

మన పాఠశాలలో చదివిన ఏ తరం వారికైనా ఉదయపు ప్రార్థన గుర్తుండే ఉంటుంది. వేపచెట్టు నీడలో తరగతుల వారీగా వరుసలు కట్టి, చేతులు జోడించి, "యా కుందేందు తుషారహార ధవళా" అని ఎత్తుకునేవాళ్లం. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా తెలుగు మాస్టారు ఒకనాడు పాఠం పక్కన పెట్టి, ఆ శ్లోకాన్ని పదం పదం విడదీసి అర్థం చెప్పారు. "వీణావరదండ మండితకరా" అన్నచోట ఆగి, నల్లబల్ల మీద అడ్డంగా వీణ బొమ్మ గీసి, మెట్లు 24, తంత్రులు 7 అని ఒక్కొక్కటీ లెక్కపెట్టి చూపించారు. బాసర మనకు దగ్గరే కనుక మాలో చాలామందికి అక్షరాభ్యాసం అక్కడే, గోదావరి ఒడ్డునే జరిగింది. రోజూ మొక్కే దేవత గురించి ఇక కొత్తగా తెలుసుకోవలసింది ఏముంటుందని అప్పట్లో అనుకునేవాణ్ణి. ఆ సరస్వతి నాకు మళ్లీ కనిపించింది టోక్యోలో, ఒక పాత వీడియో గేమ్‌లో.

ఉద్యోగరీత్యా జపాన్ వెళ్లిన మొదటి ఏడాది, నాతో పనిచేసే ఒక పెద్దాయన ఒక సాయంత్రం నన్ను తకదనోబబ ప్రాంతంలోని ఒక గేమ్ సెంటర్‌కు తీసుకువెళ్లారు. అక్కడ తన చిన్ననాటి యంత్రాలను ఇప్పటికీ మరమ్మతు చేయించి నడుపుతున్నారని ఆయనకు ఎంతో సంతోషం. పొట్టి స్టూలు మీద నన్ను కూర్చోబెట్టి, సకురా పూలు ముద్రించిన 100 యెన్‌ల నాణెం ఒకటి నా చేతికిచ్చి, "ఇది మా దేవుళ్ల ఆట, ఆడి చూడండి" అన్నారు.

ఆ ఆట పేరు కికి కైకై. తైతో సంస్థ దాన్ని 1986లో విడుదల చేసింది. 1978లో స్పేస్ ఇన్వేడర్స్‌తో ప్రపంచాన్ని ఊపిన సంస్థే ఇది. కికికైకై అంటే జపనీస్‌లో వింతల్లోకెల్లా వింత అని అర్థం. ఆటకు పేరు పెట్టినవారు రాతలో చివరి అక్షరాన్ని మాత్రం మార్చి, అదే ఉచ్చారణతో 'లోకం' అనే అర్థమిచ్చే అక్షరాన్ని అక్కడ చేర్చారు. దాంతో అది వింతల లోకం అయింది. ఒక్క అక్షరంతో ఇంత పని చేయించిన ఆ చమత్కారం నాకు ఇప్పటికీ ముచ్చటగా తోస్తుంది.

కథ చిన్నదే. సయో అనే అమ్మాయి జపాన్ సంప్రదాయ మతమైన షింటో గుడిలో సేవ చేసే మికో. సప్త భాగ్యదేవతలు ఆమె దగ్గరికి వచ్చి రాబోయే ఆపద గురించి హెచ్చరిస్తుండగానే, యోకాయ్‌లనే జానపద దయ్యాల గుంపు ఒకటి వచ్చిపడి ఆ ఏడుగురినీ ఎత్తుకుపోతుంది. వారిని విడిపించడానికి తెల్లని పైవస్త్రం, ఎర్రని హకామా అనే కుచ్చుల కింది వస్త్రం కట్టుకున్న ఆ పిల్ల ఒంటరిగా బయలుదేరుతుంది. తుపాకులూ అంతరిక్ష నౌకలూ రాజ్యమేలుతున్న ఆనాటి ఆటల మధ్య ఆమె ఆయుధాలు రెండే. ఒకటి గుడిలో ఇచ్చే రక్షారేకు వంటి ఓఫుదా అనే కాగితపు పట్టీ, రెండోది పూజారులు శుద్ధి చేసేటప్పుడు ఆడించే, చివర మడతల కాగితాలు వేలాడే కర్ర. దూరంగా ఉన్న దయ్యం మీదికి ఓఫుదా విసరాలి, మీదికి వచ్చిన దాన్ని కర్రతో కొట్టాలి. ఎనిమిది దిక్కులకూ కదలవచ్చు కానీ, ఎవరైనా ఒక్కసారి తాకితే ఒక ప్రాణం పోయినట్టే. ఆ కర్రను చూడగానే, జ్వరం వస్తే వేపమండ పట్టుకుని తల నుంచి కాళ్ల దాకా నిమిరే మా నాయనమ్మ చెయ్యి గుర్తుకు వచ్చింది.

ఆమెకు ఎదురయ్యే యోకాయ్‌లన్నీ జపాన్ జానపదుల నోళ్లలో శతాబ్దాలుగా బతికినవే. ఏళ్ల తరబడి వాడి పారేసిన గొడుగులకూ లాంతర్లకూ ప్రాణం వస్తుందని అక్కడివారి నమ్మకం. 1776లోనే తొరియామా సెకియెన్ అనే చిత్రకారుడు ఇటువంటి వందలాది రూపాలకు బొమ్మలు గీయడం మొదలుపెట్టాడు. ఆటను తీర్చిదిద్దినవారు వాటిని భయపెట్టేటట్టు కాక, పిల్లలు కూడా ఇష్టపడేటట్టు గీశారు. దీనికి తరువాతి ఆటను 1992లో నాట్సుమే అనే సంస్థ తయారు చేసింది. అందులో సయోకు తనుకి అనే కుక్కజాతి అడవి జంతువు తోడుగా వస్తుంది. ఇంగ్లీషు దేశాల్లో ఆ ఆటను పాకీ అండ్ రాకీ అంటారు.

నన్ను కట్టిపడేసింది మాత్రం ఆ ఏడుగురు దేవతలే. నేను మూడు ప్రాణాలూ పోగొట్టుకుని లేచిన తరువాత, పెద్దాయన పక్కన నిలబడి ఒక్కొక్కరి పేరూ చెప్పారు. ఎబిసు ఒక్కడే అచ్చంగా జపాన్ దేవుడట. ఫుకురోకుజు, జురోజిన్, హోతెయ్ ముగ్గురూ చైనా నుంచి వచ్చినవారు. మిగిలిన ముగ్గురి మూలాలు మన దేశంలో ఉన్నాయి. బియ్యపు బస్తాల మీద నిలబడి నవ్వే దైకొకుతెన్ మన మహాకాలుడు. కవచం తొడిగి ఈటె పట్టిన బిషమొన్‌తెన్ వైశ్రవణుడు, అంటే మన కుబేరుడే. ఏడుగురిలో ఒకే ఒక స్త్రీ అయిన బెంజైతెన్, చేతిలో బివా అనే తంత్రీవాద్యం పట్టుకుని కూర్చున్న ఆ తల్లి, మన సరస్వతి. బౌద్ధ సూత్రాలతో పాటు చైనా మీదుగా జపాన్ చేరింది. ఆ మాట విన్నప్పుడు ఒళ్లు గగుర్పొడిచింది. మనం వేపచెట్టు కింద పిలిచిన తల్లిని దయ్యాల చెర నుంచి విడిపించడానికి నేను అక్కడ నాణెం వేసి కూర్చున్నాను.

ఆ తరువాత సెలవు దొరికినప్పుడల్లా ఆమె ఆలయాలు వెతుక్కుంటూ తిరిగాను. ఆమె మొదట నదీదేవత కదా, ఆ సంగతి జపాన్ మరిచిపోలేదు. ఎనోషిమా ద్వీపం, బివా సరస్సులోని చికుబు ద్వీపం, ఎక్కడ చూసినా నీళ్ల నడుమనే ఆమె నివాసం. బాసరలో గోదావరి ఒడ్డున పలక మీద అక్షరాలు దిద్దినవాడికి ఇంతకన్నా దగ్గరితనం ఏముంటుంది? ఆమె పేరులో 'ప్రతిభ' అనే అర్థమున్న అక్షరానికి బదులు కాలక్రమేణా 'ధనం' అనే అర్థమిచ్చే అక్షరాన్ని కూడా రాయసాగారు. కమకురలో ఆమె గుడి దగ్గరి ఊటనీటిలో నాణేలు కడిగితే సంపద పెరుగుతుందని జనం బారులు తీరుతారు. సరస్వతి ఉన్నచోట లక్ష్మి నిలవదని మన పెద్దలు అంటారు. జపాన్‌లో మాత్రం ఒకే తల్లి చదువూ ఇస్తుంది, సిరీ ఇస్తుంది.

ఒక వేసవిలో ఆ పెద్దాయనను వెంటబెట్టుకుని ఉఎనోలోని షినొబజు చెరువుకు వెళ్లాను. చెరువు నిండా తామరాకులు, మధ్యలో చిన్న దీవి, దాని మీద బెంజైతెన్ గుడి, ఆవరణలో బివా ఆకారంలో నిలబెట్టిన ఒక స్మారకం ఉన్నాయి. ఆయన చెప్పులు విప్పిన నన్ను చూసి తానూ బూట్లు విప్పబోతే వద్దని వారించాను. అక్కడ నిలబడి మన శ్లోకాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివాను. ఆయన ఒక్క మాట మాట్లాడకుండా విని, బివాకు నాలుగు తంత్రులు, మీ దేవత వాద్యానికి ఎన్ని అని అడిగారు. జేబులో ఉన్న రైలు చార్టు కాగితం వెనక్కి తిప్పి, గుడి మెట్ల మీద కూర్చుని, అడ్డంగా వీణ బొమ్మ గీశాను. ఏడు తంత్రులు గీసి, మెట్లు ఒక్కొక్కటీ లెక్కపెడుతూ ఇరవై నాలుగు దాకా వచ్చాను.